రెండొందల యాభై ఆరు

నల్లగొండ గడియారం సెంటర్ దాటినంక
జిరాక్స్ దుకాణం మీది అంతస్తు.
కూలర్ల నీళ్లయిపోయి వట్టి గాలి తిరుగుతున్నది.
నేనొక వాక్యం రాస్తున్న,
మనుషులెవరూ చదవనిది.

నాలుగు అంకెల గుంపులు, నడుమ మూడు చుక్కలు.
ఊరూరి నీళ్ల ట్యాంకు మీద కూసున్న చిన్న డబ్బా
తన లోపల ఎంతున్నదో చెప్పనీకి వాడే చిరునామా.
దేవరకొండ, చండూరు, మర్రిగూడ, నాంపల్లి...
మూడొందల పన్నెండు ట్యాంకులు.
రాసుకొచ్చినోళ్లు పదకొండు మంది,
తప్పులు పదకొండు తీర్లు.
ఒకరు చుక్కకు బదులు కామా పెట్టిన్రు.
ఒకాయన, పాపం, తన ఫోన్ నంబరే ఇచ్చిండు.

మొదట బద్ధకంగ రాసిన:
ఒకటి నుంచి మూడు అంకెలు, చుక్క, మళ్ల అట్లనే.
అది 999కి కూడా పీట ఏసి కూసోబెట్టింది.
అప్పుడు విడగొట్టి రాసిన:
రెండు, అయిదు, ఆ పక్కన అయిదు దాటని అంకె.
లేకుంటే రెండు, నాలుగు దాటని అంకె, ఆ పక్కన ఏదైనా.
లేకుంటే...
రెండొందల యాభై అయిదు కాడ గడప.
ఆ తర్వాత అంకెలు లేవని కాదు,
ఈ ఇంట్ల వాటికి చోటు లేదు.

చుక్క సంగతి వేరే.
ఉత్త చుక్క పెడితే యంత్రం లెక్కల అది ఏదైనా:
అంకె, అక్షరం, ఖాళీ.
ముందు ఒక వాలుగీత ఆనిస్తేనే
చుక్క చుక్క లెక్క నిలబడతది.
మా దిక్కు కూడా అంతే కదా.
చుక్క అంటే తెల్లారగట్ల పొడిచేది,
చుక్క అంటే పొద్దుగూకినంక ఇంట్ల లొల్లి పెట్టేది,
చుక్క అంటే బోరు నుంచి రానిది.

మొదట్ల ఒక గుర్తు, చివర్ల ఒక గుర్తు.
గెట్టు అన్నమాట.
గెట్టు లేకుంటే పక్క చేను చెత్తంత మన పంటే.

పావు తక్కువ ఒంటిగంటకు సైదులు ఫోన్.
"సార్, రమావత్ తండా తీస్కుంటలేదు. ఎర్రగ మొరుగుతున్నది."
"ఏం కొట్టినవ్?"
"పది, ఇరవై నాలుగు, రెండొందల యాభై ఆరు, ఏడు."
"అసొంటిది ఉండదు సైదులూ."
"ఉండదంటే ఎట్ల సార్? ట్యాంకు కిందనే నిలబడ్డ.
లక్పతి నిచ్చెన పట్టుకున్నడు.
నీళ్ల సప్పుడు ఇనబడుతున్నది, ఇనుండ్రి."

ఇన్న.
ఆ ట్యాంకు ఎండినట్టు ఎవరికీ తెల్వకపోతే
తండా మళ్ల పాత బోరు కాడికే పోతది.
ఆ నీళ్లు మోకాళ్లను ఏం జేస్తయో
మా జిల్లాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

పచ్చగ నిలబడ్డ వరుసల దిక్కు చూసిన.
నూట డెబ్బై నాలుగోది గొల్లగుట్ట: 10.24.61.3.
ఏ గుంపూ గడప దాటలేదు, ఏ చుక్కా తప్పలేదు.
రిజర్వాయర్ కట్ట మూసిన ఏడు
ఆ ఊరు మునిగింది,
ట్యాంకుతోని, డబ్బాతోని, బడిగోడ మీది ఎక్కాలతోని.
మనుషులకు కొత్త కాలనీల ప్లాటు నంబర్లిచ్చిన్రు.
పిలిచి చూసిన, నాలుగు మాట్ల.
నీళ్ల మట్టం చెప్పే డబ్బా
నీళ్ల అడుగున,
పలుకలేదు.

నా వాక్యం దాన్ని ఒప్పుకున్నది.
దాని తప్పేం లేదు.
అది ఆకారం చూస్తది, తలుపు కొట్టది.

"సైదులూ, మళ్ల ఎక్కు. గుడ్డతోని తుడిచి చదువు."
ఎక్కుతున్న సప్పుడు. ఇనుము. ఎవరో పిల్లగాని నవ్వు.
"రెండు... మూడు సార్! అయిదు గాదు.
మీద గీత తుప్పుది."
రెండొందల ముప్పై ఆరు. కొట్టిండు.
పచ్చగయింది. రెండు నిమిషాలకు తండా ట్యాంకు
నలభై ఒకటి శాతం అన్నది.

గొల్లగుట్ట వరుస కొట్టేయనీకి మీట మీద వేలు పెట్టి
తీసేసిన.
పక్కన కొత్త గడి ఒకటి గీసిన,
"చివరిసారి పలికింది" అని పేరు పెట్టి.
అందుల ఏ తేదీ రాయాల్నో
కాలనీల ఎవర్నన్న అడగాలె.